సర్వీసు బుక్కులో తెల్ల పేజీలు: పాత స్పోర్ట్స్ కారుకు ధర కట్టేదెలా

నెల్లూరు మినీ బైపాస్‌లోనో ఒంగోలు కర్నూలు రోడ్డులోనో ఏదైనా కార్ల కన్సల్టెన్సీ ముందు రెండు తలుపుల పోర్షే ఆగి ఉంటే, అక్కడ వినపడే మాట దాదాపు ఒకటే. "డాక్టరు గారి బండి అన్నా. ఆదివారం పూట తప్ప బయటికి తీయలా. సర్వీసంతా చెన్నైలోనే." సర్వీసు బుక్కు అడిగితే ఇస్తారు. మొదటి నాలుగు పేజీల్లో షోరూము స్టాంపులు, తేదీలు, కిలోమీటర్లు చక్కగా ఉంటాయి. ఆ తర్వాతివన్నీ తెల్ల పేజీలు.

లెక్క కోసం ఒక బండిని ఊహించుకుందాం. 2015 మోడల్ పోర్షే కేమన్, పీడీకే అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సు, టీఎన్ నంబరు, మొదటి ఓనరే అమ్ముతున్నాడు, మీటరు మీద 26,900. బుక్కులో చివరి స్టాంపు 2019 ఆగస్టులో, 21,400 కిలోమీటర్ల దగ్గర. ఆ తర్వాత దొరికేది ఒక్క కాగితమే: 2024 ఫిబ్రవరిలో ఒక బయటి షెడ్డు ఇచ్చిన బిల్లు. మధ్యలో నాలుగున్నరేళ్ళు ఏమీ లేదు.

ఇలాంటి బండి జోలికే పోవద్దని చెప్పేవాళ్ళు చాలామంది. అలా గిరి గీసుకుంటే మన రెండు జిల్లాల్లోకి వచ్చే పాత స్పోర్ట్స్ కార్లలో కొనదగ్గవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని కూడా మిగలవు. వారంటీ అయిపోగానే ఓనర్లు షోరూముకు పోవడం మానేస్తారు. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు, ఒంగోలు నుంచి 290 దాకా. ఆయిలు మార్చడానికి అంత దూరం బండిని తోలుకుపోయే ఓపిక ఎందరికి ఉంటుంది? కాబట్టి ఖాళీ ఉందా లేదా అని చూసి ఆగిపోకుండా, అది ఏ రకం ఖాళీయో తేల్చుకోవాలి. దాన్ని బట్టే ధర.

పని జరిగి కాగితం పోయి ఉండవచ్చు. బండి నడిచినా పని జరగకపోయి ఉండవచ్చు. బండి కదలకుండా షెడ్డులో నిలబడి, అందుకే పని కూడా జరగకపోయి ఉండవచ్చు. లేదా ఏదో పెద్దది జరిగి, దాని కాగితాన్ని కావాలనే తీసేసి ఉండవచ్చు. మొదటిదానికి పెద్దగా తగ్గించాల్సింది ఉండదు. రెండు, మూడు రకాలకు రూపాయల్లో లెక్క కట్టొచ్చు. నాలుగోదానికి లెక్క ఉండదు, లేచి వచ్చేయాలి. కష్టమంతా ఈ నాలుగింటినీ విడదీయడంలోనే.

ఖాళీకి అటూ ఇటూ ఉన్న కాగితాలు

మొదట ఖాళీ తర్వాత వచ్చిన బిల్లును తీసుకుని నిదానంగా చదవండి. మన ఉదాహరణలో అది 2024 ఫిబ్రవరిది. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను చెన్నైని ముంచింది, తర్వాత బాపట్ల దగ్గర తీరం దాటింది. అంటే మునక జరిగిన రెండు నెలలకు ఈ బిల్లు పుట్టింది. అందులో ఆయిలు, ఫిల్టరు, బ్యాటరీ మాత్రమే ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. ఆల్టర్నేటరు, సీట్లు విప్పి కార్పెట్ క్లీనింగ్, వైరింగ్ పని, కంట్రోల్ యూనిట్ రిపేరు అని ఉంటే ఆ బండి నీళ్ళలో నిలబడి ఉండే అవకాశం ఎక్కువ. పాత బండి చూడబోయే ప్రతివాళ్ళూ కొన్ని తేదీలు గుర్తు పెట్టుకోవాలి: చెన్నైకి 2015 నవంబరు-డిసెంబరు, 2023 డిసెంబరు, హైదరాబాదుకు 2020 అక్టోబరు, పెన్నా పొంగి మన నెల్లూరు మునిగిన 2021 నవంబరు, బుడమేరు విజయవాడ మీద పడిన 2024 సెప్టెంబరు. బండి ఆ రోజుల్లో ఏ ఊళ్ళో ఉందో తెలియాలి.

తర్వాత పాత ఇన్సూరెన్స్ పాలసీలు అడగండి. సర్వీసు బిల్లులు పారేసేవాళ్ళు కూడా పాలసీలను మెయిల్లోనైనా ఉంచుకుంటారు. వాటిలో చూడాల్సింది నో క్లెయిమ్ బోనస్ శాతం. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్ళకు అది 20, 25, 35, 45, 50గా పెరిగి 50 దగ్గర ఆగుతుంది. వరుసగా 50 ఉన్న పాలసీ 2024లో ఒక్కసారిగా సున్నాకు పడిందంటే కారణం మూడింటిలో ఒకటి: ముందటి ఏడు క్లెయిమ్ తీసుకున్నారు, ఓనరు మారాడు, లేదా పాలసీ ముగిసి 90 రోజులు దాటాక రెన్యువల్ చేశారు. మన బండికి ఓనరు మారలేదు కాబట్టి మిగిలినవి రెండే. క్లెయిమ్ అయితే ఎంతకు అని అడగాలి. రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన బండి విలువ) 75 శాతం దాటితే కంపెనీ బండిని టోటల్ లాస్‌గా లెక్కగట్టి డబ్బు ఇచ్చేస్తుంది. ఆ శిథిలం వేలంలో అమ్ముడుపోయి, తళతళలాడుతూ మళ్ళీ రోడ్డెక్కుతుంది. ఆర్సీ మీద దాని గుర్తేమీ ఉండదు.

ఫాస్టాగ్ స్టేట్‌మెంటు ఇంకో మంచి సాక్షి. 2021 ఫిబ్రవరి నుంచి అది తప్పనిసరి అయింది కాబట్టి ఖాళీలో సగానికి పైగా కాలం దాని కింద పడుతుంది. ఓనరు బ్యాంకు యాప్‌లోంచి తీసిస్తే ఏ తేదీన ఏ టోల్ దాటాడో వరుసగా కనపడుతుంది. సూళ్ళూరుపేట, బూదనం, వెంకటాచలం, ముసునూరు, టంగుటూరు అంటూ నెలకు రెండు సార్లు తగులుతుంటే ఆ బండి "ఆదివారం బండి" కాదు. చెన్నై నుంచి ఒంగోలుకు పోయి వస్తే 600 కిలోమీటర్లకు దగ్గర. మీటరు ప్రకారం 2019 ఆగస్టు నుంచి ఇప్పటిదాకా తిరిగింది 5,500 మాత్రమే. టోల్ లెక్కలోనే పది ట్రిప్పులు కనపడితే మీటరు అబద్ధం చెబుతున్నట్టు.

ఈ-చలానాలు కూడా తీయండి. జరిమానా సంగతి ఎలా ఉన్నా, స్పీడ్ కెమెరా ఫొటో దొరికితే తేదీ, చోటు, ఆ రోజు బంపరు ఎలా ఉందో కూడా తెలుస్తుంది. ఫొటోలో ఉన్న బంపరు, ఇప్పుడు మీ ముందున్న బంపరు ఒకటేనా అన్నది పోల్చుకోవచ్చు.

ఇక షోరూము. స్టాంపు ఏ షోరూముదైనా ఛాసిస్ నంబరు మీద కంపెనీ అధీకృత షోరూముల్లో జరిగిన పనులు వాళ్ళ సిస్టంలో ఉంటాయి. మీరు పోయి అడిగితే ఇవ్వరు. ఓనరు ఆర్సీ కాపీ జతచేసి తన మెయిల్ నుంచి రాస్తే ప్రింటు వస్తుంది. ఈ మెయిల్ రాయడానికి ఐదు నిమిషాలు పడుతుంది. దానికి కూడా సాకులు చెప్పే ఓనరు దగ్గర మిగతా ప్రశ్నలు వేసి లాభం లేదు.

బండి తనలో రాసుకున్న లెక్క

వెయ్యి, పదిహేను వందలకు దొరికే, బండి కంప్యూటరును చదివే ఓబీడీ స్కానరుతో ఈ బండ్లను తేల్చలేం. అయినా అది ఒక్క పనికి వస్తుంది. "కోడ్లు చెరిపిన తర్వాత తిరిగిన దూరం" అనే అంకె చాలా బండ్లలో చూపిస్తుంది. అక్కడ 12 కిలోమీటర్లు అని ఉంటే, మీరు వస్తున్నారని తెలిసి నిన్ననే ఎవరో వార్నింగ్ లైట్లు ఆర్పేశారన్నమాట. బండి తనను తాను పరీక్షించుకునే రెడీనెస్ మానిటర్లు ఇంకా పూర్తి కాలేదని చూపించినా అదే అనుమానం.

అసలు పరీక్షకు కంపెనీ స్కానరు కావాలి. పోర్షేకు పైవిస్, బీఎండబ్ల్యూకు ఇస్టా, ఆడికి ఓడిస్ లేదా వీసీడీఎస్, మెర్సిడెస్‌కు జెంట్రీ. ఇవి చెన్నైలోనో హైదరాబాదులోనో బెంగళూరులోనో షోరూముల్లో, ఈ బండ్లే చేసే పెద్ద షెడ్లలో ఉంటాయి. దానికి అయ్యే ఫీజును కొనుగోలు ఖర్చులో భాగంగానే చూడాలి.

పోర్షేలో మొదట అడగాల్సింది ఇంజిన్ ఆపరేటింగ్ అవర్స్. మీటరును వెనక్కి తిప్పేవాళ్ళు ఇంజిన్ కంట్రోల్ యూనిట్‌లోని గంటల జోలికి తరచూ పోరు. కిలోమీటర్లను గంటలతో భాగించండి. 26,900 కిలోమీటర్లకు 1,050 గంటలు ఉంటే సగటు వేగం గంటకు 25 చిల్లర. చెన్నై నగరంలో తిరిగిన బండికి సరిపోతుంది. 600 గంటలే ఉంటే సగటు 45 దగ్గర, హైవే బండి. 1,900 గంటలు ఉంటే సగటు 14. రోజూ ఏసీ వేసి నిలబెడితే తప్ప ఇంతదాకా రావడం కష్టం. 25 సగటుతో 1,900 గంటలంటే 47,500 కిలోమీటర్లు. ఆ తేడా ఎక్కడ పోయిందో అమ్మేవాడే చెప్పాలి.

2019 సర్వీసు నాటి స్కాన్ రిపోర్టు దొరికితే ఇంకా బాగు. అప్పుడు 860 గంటలు, ఇప్పుడు 1,050 అనుకుందాం. మధ్యలో 190 గంటలు, 5,500 కిలోమీటర్లు, సగటు 29. అంతకుముందు సగటు 25. రెండూ ఒకే చేతిలో నడిచిన బండి లెక్కలా ఉన్నాయి. ఖాళీ కాలంలో బండి నిజంగానే తక్కువ తిరిగిందని దీంతో దాదాపు తేలినట్టే. రెండో రకం అనుమానం తగ్గి, మన బండి మూడో రకం వైపు వాలుతుంది: నిలబడిన బండి.

అదే రిపోర్టులో, ఇంజిన్ తన హద్దు వేగం దాకా, దాన్ని దాటి ఎన్నిసార్లు తిరిగిందో చెప్పే ఓవర్‌రెవ్ లెక్క ఉంటుంది. ఈ తరం ఇంజిన్లలో ఆరు శ్రేణులు. మొదటి రెండింట్లో అంకెలుంటే ఎవరో లిమిటరు దాకా తొక్కారని అర్థం. స్పోర్ట్స్ కారును తొక్కడానికే కొంటారు, దానికి కంగారు అక్కర్లేదు. నాలుగు నుంచి ఆరు దాకా అంకెలుంటే సంగతి వేరు. చేతి గేరు బండిలో పై గేరుకు బదులు పొరపాటున కింది గేరులో పడినప్పుడు అవి నమోదవుతాయి. ఏ గంట దగ్గర జరిగిందో కూడా పక్కనే ఉంటుంది. 200వ గంటలో జరిగి, ఆ తర్వాత 850 గంటలు సాఫీగా నడిస్తే భయం తక్కువ. నిన్న గాక మొన్న జరిగి ఉంటే భయపడాలి. పీడీకే గేర్‌బాక్సు అలాంటి పొరపాటు చేయనివ్వదు కాబట్టి పీడీకే బండిలో పై శ్రేణుల్లో అంకెలు కనపడితే ముందు ఆ రిపోర్టు ఈ బండిదేనా అని ఛాసిస్ నంబరు సరిచూసుకోండి.

బీఎండబ్ల్యూ అయితే తాళంచెవి కూడా కిలోమీటర్లు దాచుకుంటుంది. రెండు తాళంచెవులూ అడిగి తీసుకోండి. టైరు పక్కన డాట్ కోడ్ చివర నాలుగు అంకెలు వారం, ఏడాది: 2319 అంటే 2019లో 23వ వారం. వెనక టైర్లు ముందువాటికంటే చాలా కొత్తవైతే ఫరవాలేదు, వెనకవే తొందరగా అరుగుతాయి. నాలుగూ పదేళ్ళనాటివే అయితే గాడి లోతు ఎంతున్నా నాలుగూ మార్చాలి, రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది.

పెయింటు మందం చూసేటప్పుడు ఒక తిరకాసుంది. కంపెనీ పెయింటు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. 200 దాటితే మళ్ళీ కొట్టినట్టు, 500 దాటితే కింద పుట్టీ ఉన్నట్టు. కానీ ఈ కేమన్‌లో తలుపులు, ముందు మూత అల్యూమినియంవి. అయస్కాంతం మీద పనిచేసే చవక గేజి అక్కడ ఏమీ చూపదు. ఇనుమూ అల్యూమినియం రెండూ చదివే గేజి తెచ్చుకోవాలి.

ఆయిలు ఫిల్టరును కోసి చూడటం

ఇంజిన్ లోపలి సంగతి తక్కువ ఖర్చుతో చెప్పే మంచి పరీక్ష ఇది. మన దగ్గర దీన్ని చేయించేవాళ్ళు తక్కువ. అమ్మేవాడి ఒప్పుకోలుతో లిఫ్టు మీద బండి ఎక్కించి, కింది కవరు తీసి, ఫిల్టరు గూడు విప్పించండి. లోపల కాగితం మడతల గుండ్రటి ఫిల్టరు వస్తుంది. దాన్ని కత్తితో నిలువునా కోసి, మడతల కాగితాన్ని వేరుచేసి, ఆయిలు కారిపోయేలా వైసులో పెట్టి బిగించి పిండాలి. తర్వాత తెల్ల కాగితం మీద పరిచి ఎండలోకి తీసుకుపోండి. మన ఎండ ఇక్కడ భలే పనికొస్తుంది, ట్యూబులైటు కింద కనపడని మెరుపు అక్కడ కనపడుతుంది. సన్నటి వెండిపొడి నాలుగు చుక్కలుంటే సహజం. అయస్కాంతం దగ్గర పెడితే అంటుకునే పెళుసు ముక్కలు ఉక్కువి, అంటే గేర్లు, చైను, బాల్ బేరింగులు. అంటుకోకుండా బంగారు రంగులో మెరిసేవి బేరింగ్ షెల్లువి కావచ్చు. నల్లటి, గోధుమ రంగు ప్లాస్టిక్ ముక్కలు చైను గైడువి. వీటిలో ఏవైనా గోరంత కనపడితే బేరం అక్కడితో ఆపేయాలి.

ఇందులో మోసానికీ చోటుంది. మీరు వస్తున్నారని నిన్న కొత్త ఆయిలు, కొత్త ఫిల్టరు వేస్తే తెల్లటి ఫిల్టరు మీకేమీ చెప్పదు. ఆయిలు తేనెరంగులో నిగనిగలాడుతూ ఉండి మిగతా సర్వీసేమీ జరగకపోతే ఆ శుభ్రతను అనుమానించాలి. అప్పుడు బోరోస్కోపు దిగాలి. ఆరు స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లోంచి కెమెరా పంపి సిలిండరు గోడలు చూస్తారు. నిలువు గీతలు లేకుండా ఉండాలి. ఎలాగూ ప్లగ్గులు తీశారు కాబట్టి వాటినీ మార్చేయించుకోవడం మేలు. ఈ బండిలో వాటి గడువు 60,000 కిలోమీటర్లు లేదా నాలుగేళ్ళు, ఏది ముందైతే అది. కిలోమీటర్ల లెక్కన ఇంకా సగం కూడా కాలేదు, ఏళ్ళ లెక్కన ఎప్పుడో దాటిపోయింది. తక్కువ తిరిగిన బండి దగ్గర జనం బోల్తా పడేది ఇక్కడే. లీక్‌డౌన్ పరీక్షలో (సిలిండరులోంచి గాలి ఎంత కారిపోతుందో చూసేది) పది శాతం లోపు నిశ్చింత, ఇరవై దాటితే ఇంజిన్ విప్పే ఆలోచన మొదలైనట్టు.

ఇంకా పాత పోర్షేలు చూస్తున్నారనుకోండి, అంటే 2008 మోడల్ దాకా వచ్చిన బాక్స్‌టర్, కేమన్, 911. వాటిలో బోరోస్కోపు లేకుండా బయానా ఇవ్వకూడదు. ఆ ఇంజిన్లకు సిలిండరు గీతల జబ్బుంది. చల్లటి ఇంజిన్ స్టార్టు చేయగానే టకటక శబ్దం, ఒకవైపు సైలెన్సరు గొట్టం రెండోదానికంటే బాగా మసిబారడం, ఆయిలు తాగడం దాని గుర్తులు. అదే కాలపు చాలా ఇంజిన్లలో ఐఎంఎస్ అనే మధ్య షాఫ్టు బేరింగు విరిగి ఇంజిన్ మొత్తం పోయే ప్రమాదమూ ఉంది. 2009 మోడల్ నుంచి కొత్త ఇంజిన్లు వచ్చాయి, వాటిలో ఆ షాఫ్టే లేదు. మన 2015 బండికి ఆ బాధ తప్పింది.

స్టార్టు మాట వచ్చింది కాబట్టి: బండి దగ్గరికి పోగానే ముందు ఇంజిన్ వెచ్చగా ఉందేమో చూడండి. "మీరొస్తారని వేసి పెట్టా అన్నా" అంటే మర్యాదగా టీ తాగి వచ్చేసి, మర్నాడు పొద్దున్నే ఫోను చేయకుండా పోవాలి.

నిలబడిన బండి, ఉప్పు గాలి

మన ఉదాహరణ మూడో రకమని దాదాపు తేలింది గదా. ఏడాదికి వెయ్యి కిలోమీటర్ల లోపే. ఇలాంటి బండికి అరుగుదల తక్కువ, కుళ్ళు ఎక్కువ.

బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే కిలోమీటర్లతో పని లేకుండా రెండేళ్ళకోసారి మార్చాలి. నాలుగున్నరేళ్ళు మార్చని ఆయిలు మామూలుగా తొక్కితే బాగానే ఉంటుంది. హైవేలో వరసగా గట్టిగా బ్రేకు వేస్తే మాత్రం అందులోని నీరు ఆవిరై పెడల్ మెత్తగా నేలదాకా పోతుంది. పెన్నులా ఉండే టెస్టరు ముంచితే నీటి శాతం చెబుతుంది. మూడు దాటితే వెంటనే మార్చాలి. డిస్కుల మీద కనీస మందం అంకె పోతపోసి ఉంటుంది, కొలిచి దానితో పోల్చండి. అంచున తుప్పు గట్టు పేరుకుంటే మందం ఉన్నా డిస్కు పనికిరాదు. కాలిపర్లు పసుపు రంగులో ఉంటే సిరామిక్ బ్రేకులు కావచ్చు. ఆ డిస్కులు మార్చాల్సి వస్తే అయ్యే ఖర్చును ముందే తెలుసుకోండి, మామూలు డిస్కుల లెక్క దానికి ఏమాత్రం పనికిరాదు.

రేడియేటర్లు ఈ బండికి వెనకున్న ఇంజిన్ దగ్గర ఉండవు. ముందు బంపరు రెండు మూలల్లో, గాలి రంధ్రాల వెనక ఉంటాయి. వాటి ముందు ఏసీ కండెన్సర్లు. ఎండుటాకులు, ఇసుక, ప్లాస్టిక్ కవర్లు అన్నీ ఆ రంధ్రాల్లో చేరి తడిసి ముద్దవుతాయి. చెన్నై తీరంలోనో మన మైపాడు, కొత్తపట్నం దగ్గరో ఉప్పు గాలి తోడైతే ఆ ముద్ద కింద అల్యూమినియం రెక్కలు పొడిపొడిగా రాలిపోతాయి. టార్చి వేసి రంధ్రంలోంచి చూస్తే కొంత తెలుస్తుంది. సరిగ్గా చూడాలంటే బంపరు విప్పించాలి. ఏసీ సరిగా చల్లబరచడం లేదంటే "గ్యాసు తగ్గింది అంతే" అనే సమాధానాన్ని ఈ బండ్లలో నమ్మొద్దు. రొయ్యల చెరువుల గట్ల మీద నిలబెట్టిన బండి అయితే కింద వైర్ల కనెక్టర్లు కూడా విప్పి చూడండి, ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటుంది.

ఈ ఇంజిన్లలో వాటర్ పంపు కారడం మామూలే. కింది కవరు లోపల గులాబీ రంగు చార ఎండిపోయి కనపడితే అదే.

పీడీకేలో రెండు వేర్వేరు ఆయిళ్ళుంటాయి, క్లచ్చులకు ఒకటి, గేర్లకు ఒకటి. రెండింటికీ కిలోమీటర్లతో పాటు ఏళ్ళ గడువు కూడా ఉంటుంది. అరగంట నడిపి వేడెక్కాక ర్యాంపు మీద నెమ్మదిగా పాకించండి, రివర్సు నుంచి డ్రైవుకు నాలుగైదు సార్లు మార్చండి. వణుకు, దెబ్బ ఉండకూడదు. ట్రాన్స్‌మిషన్ ఫాల్ట్ అని ఒక్కసారి వచ్చి పోయినా వదలకండి. లోపల ఉండే ఒక చిన్న సెన్సరు పాడైనా షోరూములో గేర్‌బాక్సు మొత్తం మార్చాలని చెప్పిన రోజులున్నాయి.

ఎలుకల గురించి కూడా చెప్పుకోవాలి. వరి కోతలప్పుడు ఎలుకలు ఇళ్ళలోకి, షెడ్లలోకి వస్తాయని మనకు తెలుసు. ఎయిర్ ఫిల్టరు గూట్లో, ముందు డిక్కీ కార్పెట్ కింద పెంట, నమిలిన దూది కనపడితే వైర్లు కూడా నమిలి ఉంటాయి. టేపు చుట్టిన వైర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫొటోలు తీసుకోండి.

బాక్స్‌టర్ లాంటి టాపు తెరుచుకునే బండ్లలో టాపు చుట్టూ నీళ్ళు పోయే సన్నటి గొట్టాలుంటాయి. ఆకులు అడ్డుపడితే వాననీళ్ళు లోపలికి దిగుతాయి. పాత బాక్స్‌టర్లలో సీటు కింద ఉండే అలారం కంట్రోల్ యూనిట్ అలా మునిగే పోతుంది. సీటు కింద చెయ్యి పెట్టి కార్పెట్ అడుగున ఉన్న నురుగు పిండండి. తడి తగిలితే అది టాపు నీళ్ళా, వరద నీళ్ళా అని చూడాలి. సీటు బెల్టును చివరిదాకా లాగండి. వరద నీరైతే చుట్టిన భాగంలో మట్టి గీత ఉంటుంది. సీటు బోల్టుల తుప్పు, డ్యాష్‌బోర్డు కింద రేకుల మీద ఆరిన బురద, హెడ్‌లైటు లోపల గీత: వీటిలో రెండు కలిసి కనపడితే ఇక చర్చ అనవసరం.

ఇతర కంపెనీల బండ్లకు వాటి వాటి జబ్బులున్నాయి. బీఎండబ్ల్యూ జడ్4 35ఐలో హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు, ఎలక్ట్రిక్ వాటర్ పంపు. ఆడి టీటీలో ఆరు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు డీఎస్‌జీకి 60,000 కిలోమీటర్లకోసారి ఆయిలు మార్చాలి, బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోవాలి. సూపర్‌చార్జరు ఉన్న జాగ్వార్ ఎఫ్-టైప్ వీ6లో కూలెంట్ పోయే ప్లాస్టిక్ గొట్టాలు పెళుసెక్కి పగులుతాయి. ఆడి ఆర్8 పాత ఆటోమేటిక్‌లో ఉన్నది ఒకే క్లచ్చు, అది ఎంత శాతం అరిగిందో స్కానరులో చూడకుండా ధర మాట్లాడొద్దు.

ధర కట్టడం

ఇప్పుడు లెక్క. కాగితం లేని ప్రతి పనీ జరగలేదనే అనుకోండి. అమ్మేవాడు "మార్చాం అన్నా, బిల్లు పోయింది" అంటే వాదన వద్దు, "బిల్లు దొరికితే ఆ డబ్బు కలిపి ఇస్తా" అనండి. మన కేమన్‌కు జాబితా ఇది: ఏడున్నర లీటర్ల పోర్షే ఏ40 ఆమోదం ఉన్న 0డబ్ల్యూ-40 ఆయిలు, ఫిల్టరు, ఆరు ప్లగ్గులు, ఎయిర్, ఏసీ ఫిల్టర్లు, బ్రేక్ ఆయిలు, పీడీకే క్లచ్ ఆయిలు, గేర్ల ఆయిలు కూడా, డ్రైవ్ బెల్టు, కూలెంట్, బ్యాటరీ, నాలుగు టైర్లు, పక్కన ఎన్0, ఎన్1 లాంటి పోర్షే గుర్తున్నవి. దీనికి షోరూము నుంచి ఒకటి, మంచి బయటి షెడ్డు నుంచి ఒకటి ఎస్టిమేట్లు రాయించి తెచ్చుకోండి. తగ్గించడానికి షోరూము అంకె చూపించండి, పని బయట చేయించుకోవాలా అన్నది తర్వాత మీ ఇష్టం.

ఇదే మోడల్, ఇదే ఏడాది, పూర్తి సర్వీసు ఉన్న బండి ధరలోంచి ఈ అంకె తీసేయండి. అక్కడితో ఆగితే మీరు నష్టపోతారు. మీరు మళ్ళీ అమ్మబోయినప్పుడు ఆ తెల్ల పేజీలు అలాగే ఉంటాయి, కొనేవాడు మిమ్మల్నీ ఇవే ప్రశ్నలు అడుగుతాడు. అందుకు ఇంకొంత తగ్గాలి. ఎంత అన్నది బేరం చేసేవాడి నోటి సత్తువ. మిగిలిన ధరలో ఆరో వంతుకు సమానమైన డబ్బు ముట్టుకోకుండా బ్యాంకులో ఉంటేనే కొనండి. రొయ్య రేటు బాగున్న ఏడు చేతిలోకి వచ్చిన డబ్బంతా బండి మీద పెట్టి, రెండో ఏడు గేర్‌బాక్సుకు లేక బండిని కవరు కప్పి నిలబెట్టినవాళ్ళు ఉన్నారు. అలా నిలబెట్టిన బండే మళ్ళీ కన్సల్టెన్సీకి వస్తుంది, తెల్ల పేజీలతో.

రిజిస్ట్రేషను చిక్కులు

ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఓనరు వరుస సంఖ్య, ఫైనాన్సు, ఇన్సూరెన్సు, బ్లాక్‌లిస్టు చూడండి. ఫైనాన్సు కనపడితే బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 రావాలి. టీఎన్ బండికి అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్ఓసీ, దానికి ముందు అక్కడి చలానాలన్నీ కట్టి ఉండాలి. బదిలీకి 29, 30 ఫారాలు. కొన్నవాళ్ళు 30 రోజుల్లో తెలియజేయాలి. తేదీ లేకుండా సంతకాలు మాత్రం చేసిన ఖాళీ ఫారాలతో బండి నాలుగు చేతులు మారడం మన దగ్గర అలవాటే. అలాంటి బండికి ఆర్సీ మీది ఓనరు ఫోన్లో దొరికి, తనే ఒప్పుకుంటే తప్ప ముందుకు పోవద్దు.

మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. బండి వయసును బట్టి తగ్గుతుంది గానీ, ఇన్‌వాయిస్ ధర 20 లక్షలు దాటిన కార్లకు శ్లాబు అన్నిటికంటే పైది, కాబట్టి అది లక్షల్లోనే ఉంటుంది. ఆర్టీఓ ఆఫీసులో ఇన్‌వాయిస్ చూపించి అంకె తెలుసుకున్నాకే ధర ఖాయం చేయండి. తమిళనాడులో కట్టిన పన్నులో మిగిలిన భాగం వెనక్కి రావాలంటే అక్కడ దరఖాస్తు పెట్టాలి. ఆ డబ్బు ఎవరిదో అగ్రిమెంటులో రాసుకోండి. ఏపీ 09 నంబరు చూసి మన రాష్ట్రం బండే అనుకోకండి, అది హైదరాబాదుది, దాని ఫైలు తెలంగాణలో ఉంటుంది. ఏపీ 26 నెల్లూరు, ఏపీ 27 ప్రకాశం. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39తో మొదలైన ఒకే వరస. పీవై 01 బండి అయితే పుదుచ్చేరి చిరునామా నిజమైనదేనా అని చూడాలి, పన్ను ఎగ్గొట్టడానికి అక్కడ దొంగ చిరునామాలతో చేయించిన ఖరీదైన కార్ల మీద కేసులు నడిచాయి.

డబ్బు బ్యాంకు ద్వారానే పోవాలి. ఒక లావాదేవీలో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా. బదిలీ అయిన 14 రోజుల్లో ఇన్సూరెన్స్ పేరు మార్పించుకోండి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, ఆ తేడా కూడా కట్టాలి.

బయానా ఇచ్చేటప్పుడు స్టాంపు కాగితం మీద మూడు వాక్యాలు చాలు: "మీటరు 26,900, ఇంజిన్ గంటలు 1,050 అని అమ్మువారు చెప్పినారు. వరదలో మునగలేదని, టోటల్ లాస్ క్లెయిమ్ తీసుకోలేదని అమ్మువారు చెప్పినారు. కంపెనీ స్కానరు, బోరోస్కోపు పరీక్షలో ఇవి తప్పని తేలినా, ఎన్ఓసీ రాకపోయినా బయానా మొత్తం ఏడు రోజుల్లో తిరిగి ఇవ్వవలెను." దీని మీద సంతకం పెట్టడానికి వెనకాడితే డబ్బు జేబులోంచి తీయకండి. పెడితే, బండిని చెన్నై నుంచి నడుపుకుంటూ రావొద్దు. పదేళ్ళ టైర్ల మీద ఎండలో 175 కిలోమీటర్ల హైవే మంచిది కాదు. హైడ్రాలిక్ ఫ్లాట్‌బెడ్ మాట్లాడండి, ముందు బంపరు ఎత్తు చెప్పి పొడుగు ర్యాంపు పలకలు తెమ్మనండి, కట్టేటప్పుడు తాళ్ళు సస్పెన్షన్ చేతులకు కాకుండా చక్రాలకే వేయించండి.